ముసురు రోజు, టార్చి, పైడమ్మ గుడ్లు

"మామ్మా, నేను పంపిన టార్చిలైటు వెలుగుతోందా, మూల పడేశావా?" అని అడుగుతన్నావు కదా. సెప్తాను, కూర్సో. ఆ ఫోను మరీ నోటి దగ్గర పెట్టకు. రికార్డు అవుతన్నాదా? సరే.

అట్టపెట్టి విప్పగానే నాకొచ్చిన మొదటి అనుమానం, ఇది టార్చా, పిల్లల బొమ్మా అని. గుప్పిట్లో దాగిపోయేటంత ఉన్నాది. ఒళ్ళంతా గరుకు, పనసతొక్క మీద సెయ్యి పెట్టినట్టు. తడి సెయ్యి జారకుండా అలగ సేసుంటారు, మంచి ఆలోచనే. మూతి ముందుకి లాగితే వెలుగు రూపాయి బిళ్ళంత, వెనక్కి తోస్తే సాటంత. బటను వెనక మూత మీద. ఒకసారి నొక్కితే గట్టిగా వెలుగుతాది, రెండోసారి మెల్లగా, మూడోసారికి టపటపా కన్ను కొడతాది. ఆ మూడోది ఎందుకో నాకిప్పటికీ తెలవదు. ఈ వయసులో నేనెవరికి కన్ను కొట్టాలే?

ఇవన్నీ తరవాత తెలిసినవిలే. మొదట అది వెలగనే నేదు.

సెల్లులు దాంతో రానేదు కదా. గోడ గడియారంలోది పీకి సూశాను, లావయిపోనాది, పట్టనేదు. టీవీ రిమోటులో సన్నవి రెండు తీసి, కొట్టు నుంచి ఇంకొకటి తెప్పించాను. టార్చి లోపల బొటనవేలంత నల్ల ప్లాస్టిక్ గూడు ఒకటి ఉన్నాది, దానికి మూడు గాడులు. మూడు సెల్లులూ అందులో పక్కపక్కన పడుకోవాలన్నమాట.

మా నాన్న టార్చి అలక్కాదు. పొడుగాటి గొట్టం, ఒకదాని వెనక ఒకటి మూడు లావు సెల్లులు, మూడింటి తలలూ బల్బు వైపే. నీరసించిపోతే ఎండలో పెట్టీవాడు, వడియాల పక్కన. జత రూపాయిన్నర... కాదు కాదు, రెండు రూపాయలయ్యుంటాది. మా అమ్మ తిట్టీది కూడానూ, "వడియాలు కాకి తన్నుకుపోతన్నా నీకు సెల్లుల మీదే కన్ను" అని. సరే, ఎక్కడున్నాను? ఆ, సెల్లులు. నేను ముప్పయ్యేళ్ళు బళ్ళో బోర్డు మీద ఆ గొట్టం బొమ్మే గీశాను. ప్రార్థనలో పిల్లల వరసలాగ అందరూ ఒకేవైపు సూడాలి అని సెప్పాను. ఆ అలవాటుతోనే ఇక్కడా మూడు తలలూ ముందుకే పెట్టీశాను. నొక్కాను. ఏటీ నేదు.

అదిగో, అప్పుడే పైడమ్మ పరిగెట్టుకొచ్చినాది. పైడమ్మంటే మన పక్కింట్లో ఒక్కర్తీ ఉంటాది, జీడితోటకి కూలికెళ్తాది. నువ్వు దాన్ని సూసినప్పుడు దాని పెరడు నిండా కోళ్ళు. ఈమధ్య కొక్కెర తెగులొచ్చి అన్నీ పోయాయే. పుంజు కూడా పోనాది. ఒక్క పెట్ట మిగిలినాది, ఆ పెట్ట కింద పదకొండు గుడ్లు. పుంజు నేకుండా ఇక పెట్టిన గుడ్లు పొదిగినా పిల్లవ్వవు కదా? అంచేత దాని కోళ్ళ సంతతంతా ఆ పదకొండింట్లోనే ఉన్నాది.

మూడు రోజుల్నుంచి ముసురు. ఆ పొద్దున చూరు కారి, నీళ్ళు పొదుగు బుట్టలో పడ్డాయి. పెట్ట దిగిపోయి అటకెక్కీసినాది. పైడమ్మ మధ్యాన్నం తోట నుంచి వచ్చి ముట్టుకుంటే గుడ్లు సల్లగా ఉన్నాయి. ఎండుంటే గుప్పిట్లో పెట్టి సూర్యుడికేసి సూసీది, లోపల బతుకున్నదో నేదో తెలిసీది. మబ్బుకి ఏటి కనిపిస్తాది?

"మేస్టరమ్మగోరూ, ఆ లైటియ్యండి. బతికుంటే పెట్టని మళ్ళీ ఎక్కిస్తాను. నేపోతే పెంటలో పారీస్తాను. సచ్చిన గుడ్ల మీద ఇంకో పదిరోజులు తిండి మానీసి కూకుంటే, ఉన్న ఒక్క పెట్టా పోతాది" అన్నాది.

"ఇది వెలగట్లేదే పైడమ్మా. చవక సరుకు కదా."

"ఏదీ, ఇలగ తెండి." గూడు లాక్కుని సూసినాది. "మూడు తలకాయలూ ఓవైపే పెట్టీసినారేటి? సూడండి, ఈ గాడిలో తీగసుట్ట ఇటున్నాది, నడిమి దాన్లో అటున్నాది."

"సెల్లులన్నీ ఒకే వైపు సూడాలే. నేను సెప్పిన పాఠం."

"మీ పాఠం సెల్లులికి తెలుసేటండీ? మా పిల్లలు ముగ్గురూ ఓ మంచం మీద తొంగునీవోరు. మూడు తలలూ ఓవైపెడితే బుజాలు పట్టక తన్నుకునీవోరు. నడిమోడి తల కాళ్ళకేసి తిప్పీసీదాన్ని. ఇదీ అంతే."

నడిమి సెల్లు తిప్పి నొక్కినాది. వెలుగు నా కళ్ళల్లోకే కొట్టినాది!

పాఠం తప్పు కాదమ్మలూ, విను. ఒకదాని తల ఇంకోదాని అడుక్కి కలవాలి, అదే సూత్రం. గొట్టంలో కరెంటు తిన్నగా పోతాది. ఇక్కడ దుక్కిటెద్దుల్లాగ చాలు చివర తిరిగి, పక్క చాలులో వెనక్కి రావాలి. నేను సూత్రం వదిలీసి బొమ్మని పట్టుకున్నాను. ఆ తప్పుకే పిల్లల్ని బెంచీ ఎక్కించీదాన్ని, ఏటి సెప్పమంటావు!

అక్కడితో అయిపోనేదు. గుడ్డు కింద పెట్టాలని మూతి పైకి తిప్పితే టప్పున ఆరిపోనాది. ఊపితే లోపల గూడు గలగలమంటన్నాది, గొట్టానికి వదులు. దీనికి మందు నాకు తెలుసు. క్యాలెండరు కాయితం సన్నంగా చింపి గూడు సుట్టూ ఓ సుట్టు సుట్టాను, రెండు కొసలూ మూసుకోకుండా. వెనక మూతలో తీగసుట్టని కాస్త పైకి లాగాను. ఈసారి ఎలగ తిప్పినా ఆరనేదు. పైడమ్మ నాకేసి సూసి, "పాస్" అన్నాది!

బియ్యం గదికి కిటికీ నేదు కదా, తలుపేసుకున్నాం. వెలుగు రూపాయంత సేసి, దాని మీద మొదటి గుడ్డు పెట్టాను. ఉత్తదే, నారింజపండులాగ వెలిగినాది, లోపల ఏటీ నేదు. రెండోదాన్లో ఎర్రటి ఉంగరంలాగ గీత. అది సచ్చిందని గుర్తు. మూడోదీ అంతే. పైడమ్మ ఆ మూడింటినీ పక్కన పెట్టీసినాది.

నాలుగోదాన్లో తమలపాకు ఈనెల్లాగ నరాలు, మద్దెన నల్లమచ్చ. కానీ కదలదు.

"సల్లబడి పోనాదేమోనండీ" అన్నాది పైడమ్మ. ఆ గుడ్డు తీసుకుని రెండు సేతుల్లో మూసి, దాని మీద ఊపిరి వదుల్తా కూకున్నాది. ఎంతసేపో. మళ్ళీ వెలుగు మీద పెట్టాం. సూస్తన్నాం, సూస్తన్నాం... ఆ మచ్చ, నిద్దట్లో పిల్ల ఉలిక్కిపడ్డట్టు, ఓసారి ఎగిరినాది.

"ఓలమ్మా!" అని ఒక్క కేకేసి పైడమ్మ తలుపు తోసుకుని పెట్ట కోసం పరిగెట్టినాది. మిగతావన్నీ నేనే సూశాను. మొత్తం ఎనిమిదింట్లో నరాలున్నాయి. బుట్ట పొడిచోటికి మార్చి పెట్టని ఎక్కిస్తే, అది ఒళ్ళు దులుపుకుని, మమ్మల్ని రెండు తిట్లు తిట్టి, కూర్సున్నాది.

పదిరోజులయ్యేసరికి ఎనిమిదింట్లో రెండు లోపలే ఉండిపోయాయి. ఆరు బయటికొచ్చాయి. గుడ్లు పగిలే రోజు నేను టార్చి పట్టుకెళ్తే, "ఇక లైటెందుకండీ, సెవి పెట్టండి" అన్నాది పైడమ్మ. పెట్టాను. పెంకు లోపల్నుంచి కీచుమంటన్నాది తల్లీ! అరవై తొమ్మిదేళ్ళొచ్చాయి, ఆ సంగతి నాకు తెలీదు సూడు.

ఆరింట్లో ఏది పుంజో ఇప్పుడే తెలవదు. పైడమ్మ పొద్దున్నే తోకలు సూస్తాది, నడకలు సూస్తాది, ఇదేనంటాది, మర్నాడు కాదంటాది. ఒక్కటి కూసినా సాలు, దాని పెరడు మళ్ళీ నిండుతాది. నువ్వు సల్లగుండమ్మా, నీ సెయ్యి మంచిది. ఈపాలి వచ్చినప్పుడు నాలుగు రోజులుండు. ఏమో, నువ్వున్నప్పుడే కూస్తాదేమో...