చిల్లు కుండకు తాళం

జావాలో, సోలో ఊరి పక్కన. తోలుబొమ్మలాడించే దర్సోనో ఆపరేషను తర్వాత ఆసుపత్రి పనంతా ముగించుకుని ఇంటికొచ్చాడని, ముప్ఫై ఏళ్ళు అతని ఆటకు డోలు వాయించిన పైమిన్ పొద్దున్నే పలకరించడానికి వచ్చాడు.

“ఆ బటన్ ఎక్కడ పెట్టారన్నావ్?”

“సంచిలో.”

“ఏ సంచి?”

“దేవుడిచ్చిన సంచిరా! రెండు కాయల పక్కన మూడోది అనుకో.”

“ఛీ! ఏదీ, చూపించు.”

“చూడాలంటే టికెట్టు. ముందు కూర్చో, అల్లం టీ తాగు.”

“టీ వద్దు. నించుంటాలే, మోకాళ్ళ నొప్పి. అది నొక్కితే ఏమవుద్ది?”

“లోపల ఉచ్చ గొట్టానికి చిన్న పట్టీ చుట్టారు. ఎప్పుడూ బిగించే ఉంటది. నొక్కితే వదులవుద్ది, రెండు నిమిషాలకి దానంతటదే బిగుసుకుంటది. ఆటలో నేను బొమ్మల పెట్టె మీద టకటకా కొడితే నువ్వు డోలు అందుకోవూ? అట్టాగే.”

“నేనెప్పుడూ వెంటనే అందుకునేవాణ్ణి.”

“ఇది నీకంటే నయం.”

“నొప్పా?”

“పుండు మానాలని ఆరు వారాలు ఊరికే ఉంచారు. నిన్ననే డాక్టరమ్మ పనిలో పెట్టింది. నొక్కడం ఆవిడే నేర్పింది.”

“మీ ఆవిడ చూస్తూ ఊరుకుందా?”

“తనూ నేర్చుకుంది. నా చెయ్యి విరిగితే ఎవరు నొక్కుతారంట!”

“హహ్... ఉండు, నవ్వించకు.”

“ఏం? ప్రోస్టేటు తీసేశాక రెండేళ్ళు నన్ను చిల్లు కుండని పిలిచి ఊరంతా నవ్వించింది నువ్వేగా.”

“సరదాకిరా...”

“ఆట మొదలైతే తెల్లారేదాకా నేను లేవకూడదు. హాస్యగాళ్ళ ఘట్టంలో నాకే నవ్వొచ్చి, కింద తడిసేది. ఏడ్చుకుంటూ ఆటే మానేశా. ఇప్పుడు శనివారం ఆట ఒప్పుకున్నా. డోలు నీదే.”

“నావల్ల కాదు. మోకాళ్ళు.”

“డోలు మోకాళ్ళతో వాయిస్తావా?”

“మఠమేసుక్కూర్చోవాలి గదా.”

“కుర్చీ వేయిస్తా.”

“వద్దన్నానా!”

“నిరుడు వేరేవాళ్ళు ఆడించిన పెళ్ళి ఆటలోనూ ఇంతేనంట, సగంలో లేచిపోయావంట. నువ్వు లేకపోతే నాకు చేతులాడవురా, పైమిన్.”

“...ఆ డాక్టరమ్మ సోలోలోనేనా?”

“ఆఁ. ఎందుకు?”

“ఊరికే.”

“సరే, శనివారానికి కొత్త హాస్యం కట్టా, విను. ‘రాజా, కోట గేటుకి తాళం వేయించారంట, చెవి ఎక్కడ?’ ‘సంచిలో!’ ‘ఏ సంచి?’ ‘రాణిగారినడుగు, నొక్కేది ఆవిడే!’”

“హహహ... ఆపు! ఆపరా!”

“చూడు, నేనూ నవ్వుతున్నా! చుక్క రాలేదు! ఇన్నాళ్ళకి! ఒరేయ్, మోకాళ్ళ నొప్పన్నావు, పెరట్లోకి ఆ పరుగేంట్రా?”

“నీ కాళ్ళు మొక్కుతా, ఇంక నవ్వించకు! నాకు బటన్ లేదు!”