డ్రస్సుకు ఇచ్చిన దారి

నా పేరు యేసన్న. మా నాయన పేరు దావీదు, చనిపోయాడు. నా వయసు అరవై మూడేళ్లు. ఊరు ఉరవకొండ మండలం ఎర్రబండపల్లి, ఎస్సీ కాలనీ. సైన్యంలో హవల్దారుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు వృత్తి ఏమిటంటే సేద్యం అని రాయండి. మూడెకరాల ఎర్రనేలలో ఏటా వేరుశనగ విత్తుతాను. పంట పండి చెట్టు పీకేది మాత్రం ఎప్పుడో ఒక ఏడు.

తహశీల్దారు మేడం గారు నన్ను ఆఫీసుకు పిలిపించి, మా ఊరి చంద్రమోహన్ ఇచ్చిన ఫిర్యాదు చదివి వినిపించారు. చంద్రమోహన్ భార్య మా సర్పంచు. సర్పంచు పని చేసేది చంద్రమోహన్. ఫిర్యాదులో నా మీద రెండు మాటలు ఉన్నాయి. రిటైరైనవాడు మిలిటరీ డ్రస్సు వేసుకుని ఊరిని బెదిరించాడని ఒకటి. ఆ డ్రస్సును శవం మీద కప్పి సైన్యాన్ని అవమానించాడని ఇంకొకటి. మొదటిది నిజం. రెండోదానికి జవాబు చెప్పడానికే వచ్చాను.

ఆ శవం నా భార్యది. పేరు కృపాకుమారి. ఫిర్యాదులో ఎక్కడా ఆమె పేరు లేదు. అది కూడా రాయండి.

డ్రస్సు ఎప్పుడు వేసుకోవాలో నీకు తెలియదా అని మేడం గారు అడిగారు. తెలుసు. సర్వీసు చివర్లో కొత్తగా చేరిన పిల్లలకు డ్రస్సు వేసుకోవడం నేర్పింది నేనే. ఇంటికి పంపే రోజు మా సుబేదారు సాబు మమ్మల్ని నిలబెట్టి చెప్పాడు. ఇకమీద ఈ డ్రస్సు పెట్టెలో ఉండాలి, జాతీయ పండగలకూ తోటి జవాను చనిపోయినప్పుడూ మామూలు బట్టల మీద పతకాలు పెట్టుకుంటే చాలు, పెళ్లిళ్లకూ ఓట్లకూ గట్టు తగాదాలకూ వేసుకున్నారంటే మీరు జవాన్లు కాదు, పగటివేషగాళ్లు అన్నాడు. కృపాకుమారి పోయిన రోజు దాకా నేను ఆ మాట దాటలేదు. రిటైరయ్యాక అంతవరకు ఒక్కసారి కూడా వేసుకోలేదు.

వేసుకోమని అడిగినవాళ్లు లేక కాదు. చంద్రమోహనే రెండుసార్లు అడిగాడు. మొదటిసారి వాళ్ల కూతురు పెళ్లికి. మండపం గేటు దగ్గర నిలబడి వచ్చినవాళ్లకు సెల్యూట్ కొట్టాలట.

"ఏమప్పా యేసన్నా, నువ్వు ఆ డ్రస్సు ఏసుకొని గేటు కాడ నిలబడితే పెండ్లికి కళ వస్తాది" అన్నాడు.

"గేటు కాడ నిలబెట్టేకి బొమ్మలు దొరుకుతాయి సామీ, ఉరవకొండలో అడుగు" అన్నాను. ఆ రోజు నుంచి ఆయనకు నా మీద మంట. రెండోసారి పోయిన ఆగస్టు పదిహేనుకు స్కూలు దగ్గర జెండా ఎక్కించేటప్పుడు అడిగాడు. తెల్ల చొక్కా మీద పతకాలు పెట్టుకుని పోయాను. డ్రస్సు ఎందుకు వేసుకోలేదని అందరి ముందూ గొణిగాడు. ఈ రోజు అదే మనిషి, డ్రస్సు ఎందుకు వేసుకున్నాడని ఫిర్యాదు ఇచ్చాడు.

డ్రస్సు ఉన్న ట్రంకు పెట్టె తాళంచెవి కృపాకుమారి దగ్గర ఉండేది. ఏటా క్రిస్మస్‌కు ముందు కోటు తీసి ఎండకు ఆరేసి, మడతల్లో వేపాకు పెట్టి మళ్లీ మడిచేది. పతకాలు చింతపండుతో తోమేది. తోమకూడదని నేను అరిచేవాణ్ణి. "నీకు పెండ్లాం కంటే ఈ కోటే ఎక్కువ. నేను పోతే దీనితోనే కాపురం చెయ్యి" అనేది. మా కాలనీలో నన్ను ఎగతాళి చేసే ధైర్యం ఉన్న మనిషి ఆమె ఒక్కతే.

ఆమెకు కిడ్నీలు పాడయ్యాయి. అనంతపురం ఆసుపత్రిలో ఇక లాభం లేదని చెప్పాక ఇంటికి తెచ్చుకున్నాం. ఆమె నన్ను అడిగింది ఒకటే. "నన్ను రెబెకా పక్కనే పెట్టు. ఇంగ యాడా పెట్టొద్దు." రెబెకా మా కూతురు. ఆరేళ్లప్పుడు జ్వరంతో పోయింది. నేను అప్పుడు సరిహద్దులో ఉన్నాను. బిడ్డను పూడ్చింది కృపాకుమారి. ఆ సమాధి మా పాత శ్మశానంలో ఉంది. నేను సరే అన్నాను. మాట ఇచ్చాను.

మే నెల రెండో గురువారం తెల్లవారుజామున ఆమె పోయింది.

మా కాలనీ నుంచి శ్మశానానికి, వాన నీళ్లు పారే వంక పక్కన దారి ఉండేది. మా వాళ్లందరూ ఆ దారినే పోయారు. పోయిన ఏడు సోలార్ కంపెనీ వాళ్లు వంక అవతలి నేలంతా లీజుకు తీసుకుని ఇనుప కంచె వేశారు. దారి కంచె లోపలికి పోయింది. గేటు దగ్గర వాచ్‌మన్‌ను అడిగితే, హైదరాబాదు నుంచి పర్మిషన్ రావాలన్నాడు. కంచె పడ్డాక మా కాలనీలో చనిపోయిన మొదటి మనిషి కృపాకుమారి. ఇక మిగిలింది ఊరి పెద్ద వీధి. ఆ వీధి మధ్యలో ఆంజనేయస్వామి గుడి.

పొద్దున్నే చంద్రమోహన్ ఇంటికి పోయి, ఆ వీధినే తీసుకుపోతామని చెప్పాను. అడగలేదు, చెప్పాను. ఆయన బాగానే మాట్లాడాడు.

"నువ్వంటే మాకు గౌరవమప్పా. దేశానికి చేసినోడివి. గానీ గుడి ప్రతిష్ఠ జరిగి ఏడాది కూడా నిండలా. పీనుగ గుడి ముందర పోగూడదు. వంకలోనే యాడో ఒక చోట పూడ్సుకోండి. నేనే జేసీబీ పంపిస్తా."

"సంక్రాంతి నెలలో మీ చిన్నాయన పాడె అదే గుడి ముందర పోయింది గదా?"

"అది వేరే."

ఆ మాటకు అర్థం ఏమిటో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. మేడం గారికీ తెలుసనుకుంటాను.

పోలీసులకు చెప్పావా అని అడిగారు. ఫోన్ చేశాను. బందోబస్తుకు పోయారు, సాయంత్రానికి వస్తామన్నారు. సాయంత్రం దాకా ఆగడానికి లేదు. ఉరవకొండ నుంచి ఫ్రీజర్ పెట్టె బాడుగకు తెచ్చాం గాని, కాలనీలో పొద్దున నుంచి కరెంటు లేదు. కంచె అవతల కనుచూపు మేర కరెంటు తయారవుతోంది. ఇవతల నా భార్య శవం ఎండకు ఉబ్బుతోంది. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది.

అప్పుడు ట్రంకు పెట్టె తెరిచాను. తాళంచెవి ఆమె మెడలో నల్లదారానికి ఉంది. నేనే తీశాను. కోటు మడతల్లో పోయిన డిసెంబరులో ఆమె పెట్టిన వేపాకు ఎండిపోయి ఉంది. దులిపి వేసుకున్నాను. నేను చిక్కిపోయాను కాబట్టి బెల్టుకు మేకుతో కొత్త బెజ్జం పొడవాల్సి వచ్చింది. పతకాలు వరసలో పెట్టుకున్నాను. టోపీ పెట్టుకున్నాను. మా కొడుకు ఐజాక్ వాకిట్లో నిలబడి చూశాడు.

"నాయనా, ఏసుకోగూడదంటాంటివి గదా."

"అంటాంటి. మీయమ్మ పెట్టె ఎత్తు."

బెదిరించడానికే వేసుకున్నావా అని అడిగారు. అవును. చేతిలో కర్ర లేదు, ఒక్క తిట్టు తిట్టలేదు. కానీ ఆ డ్రస్సు చూసి వాళ్లు పక్కకు జరగాలనే వేసుకున్నాను. భయపడి జరిగినా, గౌరవంతో జరిగినా నాకు ఒకటే. సుబేదారు సాబు చెప్పిన రూలు తప్పానని ఒప్పుకుంటున్నాను. దానికి ఏ శిక్ష వేసినా పడతాను.

మధ్యాహ్నం పన్నెండు దాటాక బయలుదేరాం. ముందు నేను. నా వెనుక పాస్టరుగారు. ఆయన వెనుక ఐజాక్, మా కాలనీ మగవాళ్లు శవపెట్టె మోస్తూ. ఆడవాళ్లు పాట పాడుతూ చివర. పెద్ద వీధిలోకి తిరిగేసరికి గుడి ముందు యాభై మంది దాకా ఉన్నారు. నేను పెరేడులో నడిచినట్టే నడిచాను. చూపు పక్కకు తిప్పలేదు.

వాళ్లు జరిగారు. నిజంగానే జరిగారు. ఎవరో "జై జవాన్" అని అరిచారు. సెల్‌ఫోన్లు పైకి లేచాయి. చంద్రమోహన్ గుడిలో నుంచి చామంతి దండ తెచ్చి నా మెడలో వేశాడు. వేస్తూ ఫోన్ల వైపు చూసి నవ్వాడు. ఒక్క క్షణం, ఈ మనుషులు పరవాలేదే అనుకున్నాను. అలా అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం. ఆ క్షణం నా వెనుక పాట ఆగిపోయింది.

తిరిగి చూశాను. పాస్టరుగారికీ పెట్టెకూ మధ్య ట్రాక్టరు అడ్డంగా నిలబెట్టారు. ట్రాక్టరు మీద చంద్రమోహన్ డ్రైవరు రామాంజనేయులు తల వంచుకుని కూర్చున్నాడు. నా భార్య అవతలి వైపు ఉంది. దండ వేసుకుని నేను ఇవతలి వైపు ఉన్నాను.

"ఇదేమిటికి?" అన్నాను.

"నువ్వు పో యేసన్నా, నిన్ను ఎవురు ఆపినారు?" అన్నాడు చంద్రమోహన్. "మేం దారిచ్చింది డ్రస్సుకు. పీనుగకు గాదు."

ఈ మాట ఆయన అన్నాడనడానికి సాక్ష్యం ఆ ఫోన్లలోనే ఉంది. తెప్పించుకుని వినండి.

నేను ముందు దండ తీశాను. ట్రాక్టరు బానెట్ మీద పెట్టాను. కింద వేసి తొక్కానని ఫిర్యాదులో ఉంది, అది అబద్ధం. తర్వాత ట్రాక్టరు పక్క సందులోంచి దూరి పెట్టె దగ్గరికి పోయాను. బెల్టు విప్పాను. బొత్తాలు పైనుంచి కిందికి, ఒక్కొక్కటే తీశాను. పిల్లలకు నేర్పిన వరసలోనే తీశాను. కోటు పెట్టె మీద పరిచాను, పతకాలు పైకి కనబడేటట్టు. దాని మీద బెల్టు, బెల్టు మీద టోపీ. జవాను చనిపోతే పెట్టె మీద అవి అలాగే పెడతాం. నేను ఎంతోమందికి పెట్టాను. ఇందులో అవమానం ఎక్కడ ఉందో చంద్రమోహన్ చెప్పాలి. మొగుడు సరిహద్దులో ఉంటే ఒంటరిగా బిడ్డను మోసుకుపోయి పూడ్చిన మనిషికి ఆ కోటు పనికిరాదని ఏ సుబేదారు సాబు అయినా అంటే, నేను ఆయనకూ జవాబు చెబుతాను.

బనీనుతో నిలబడి అన్నాను. "డ్రస్సుకు దారిస్తామంటిరి. డ్రస్సు ఇప్పుడు ఆమె మింద ఉండాది. ఇయ్యండి."

చంద్రమోహన్ "బండి తియ్యొద్దురా" అని అరిచాడు. రామాంజనేయులు కొడుకు మిలిటరీ సెలక్షన్ల కోసం రోజూ పొద్దున మా కాలనీ రోడ్డు మీద పరిగెత్తుతుంటాడు. రామాంజనేయులు ఆ పతకాల వైపు చూశాడు. నా ముఖం చూడలేదు. బండి స్టార్ట్ చేసి వెనక్కి తీశాడు. ఆ రోజు నుంచి చంద్రమోహన్ అతణ్ణి పనిలోకి రానివ్వడం లేదని విన్నాను. అది కూడా రాయండి.

మేం పోయాం. నేను చొక్కా లేకుండా పెట్టె పక్కన నడిచాను. మేం దాటగానే వెనుక బకెట్ల చప్పుడు వినిపించింది. వాళ్లు పసుపు నీళ్లతో వీధి కడిగారు. మాది నాలుగు రోజులకొకసారి ట్యాంకరు వచ్చే ఊరు. బిందె నీళ్ల కోసం ఆ వీధిలోనే ఆడవాళ్లు జుట్లు పట్టుకుని కొట్లాడుకోవడం నేను చూశాను. ఆ రోజు అన్ని నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు తెలియదు. కృపాకుమారితో కలుపులకు పోయే హనుమంతమ్మ ఒక్కతే తన వాకిట్లో నీళ్లు చల్లలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

రెబెకా పక్కనే పెట్టాను. మాట నిలబెట్టుకున్నాను.

పెట్టె దించే ముందు కోటు తీయమంటావా నాయనా అని ఐజాక్ అడిగాడు. రూలు ప్రకారం కోటు, టోపీ, బెల్టు తీసి ఇంటివాళ్ల చేతికి ఇవ్వాలి. ఇంటివాణ్ణి నేనే. నేను చేయి చాచలేదు. అవి ఆమెతోనే పోయాయి.

ఆ డ్రస్సు ఈ కేసులో ముఖ్యమైన సాక్ష్యం, తెచ్చి స్వాధీనం చెయ్యమని మేడం గారు నన్ను అడిగారు. అది నా దగ్గర లేదు. భూమిలో ఉంది. పూడ్చిన శవాన్ని తవ్వించే అధికారం మేజిస్ట్రేటు హోదాలో మీకే ఉందని, తవ్విన శవాన్ని ఆసుపత్రికి పరీక్షకు తేవాలని బయట గుమాస్తా చెప్పాడు. తవ్వించండి. నేను అడ్డం రాను, సంతకం కావాలంటే పెడతాను. కానీ కంచె ఇంకా ఉంది, వంక దారి లేదు. ఆమెను పైకి తీస్తే, పరీక్షకు తీసుకురావడానికి ఆ పెద్ద వీధిలోనే తేవాలి, గుడి ముందునుంచే. కోటు మీరు ఉంచుకున్నాక, మళ్లీ రెబెకా పక్కన పెట్టడానికి అదే వీధిలో తీసుకుపోవాలి. అప్పుడు ఆమె మీద డ్రస్సు ఉండదు. ఉత్త కృపాకుమారి. దారి ఇవ్వమని ఆ రోజు వాళ్లకు మీరు చెప్పండి, మేడం. మీరు చెబుతానంటే రేపే తవ్విద్దాం.

ఇంతవరకు రాసింది నాకు తెలుగులో చదివి వినిపించారు. నేను చెప్పిందే రాశారు. ఇందులో అబద్ధం లేదు. ఎవరో బెదిరిస్తే చెప్పింది కాదు. వేలిముద్ర అక్కర్లేదు, నాకు సంతకం వచ్చు.

(సంతకం) డి. యేసన్న, హవల్దారు, రిటైర్డ్
కృపాకుమారి భర్త