ఎనభై నాలుగు మంది ఎత్తి చెప్పిన పేపరు

యూనివర్సిటీ మేడ మీద కమిటీ కూర్చుంది. భార్య ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఇవాళ తేల్చేస్తారు. గేటుకి ఎదురుగా, టీ కొట్టు బల్ల మీద కూర్చున్న బస్సు డ్రైవరుకి గుండె దడదడలాడుతోంది. దడ పుట్టిందంటే చాలు, అతని నోటికి బ్రేకులుండవు.

"పెద్ద గొప్పేం కాదులే బాబాయ్," అన్నాడు టీ కొట్టాయనతో. "మా ఆవిడది కెమిస్ట్రీయే గానీ సీసా ముట్టుకోదు, మంట వెలిగించదు. పెన్సిలు, కాగితం, కంప్యూటరు, అంతే. ఫలానా రెండు రసాయనాలూ కలిపితే ఫలానా రంగొస్తుందని లెక్కగట్టి చెప్పేస్తుంది. ఆరేళ్ళ కిందట అలాగే ఓ పేపరు రాసింది. దాన్ని ఎనభై నాలుగు మంది శాస్త్రవేత్తలు తమ రాతల్లో ఎత్తి చెప్పారు. వేలు పెట్టి మరీ లెక్కపెట్టా."

"ఎనభై నాలుగేనా?" అన్నాడు పక్క కొట్టు పంక్చర్ల మెకానిక్, టీ ఊదుకుంటూ.

ఆ 'ఏనా' డ్రైవరుకి ఎక్కడో తగిలింది.

"అది మొదటి వారం మాట. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎనభై నాలుగు మందీ ఊరుకుంటారా, శిష్యులకి చెప్పారు, వాళ్ళు వాళ్ళ శిష్యులకి చెప్పారు, నెల తిరక్కుండా ఎనభై వేలైంది. పై దేశాల ల్యాబుల్లో పొద్దున్నే మా ఆవిడ పేరు రాశాకే పళ్ళు తోముకుంటారట. ఒకాయన రాయడం మర్చిపోయాడు. పాపం, ఆ రోజంతా ఆయన గిన్నెలో నీళ్ళు మరగలేదు."

"నీళ్ళకి కూడా తెలిసిపోయిందా?" అన్నాడు టీ కొట్టాయన.

"నీళ్ళదేముంది బాబాయ్, అణువులకే తెలిసిపోయింది. రెండు అణువులు కలవబోతూ ఆగిపోతాయట, 'ఉండవే, ఆవిడేం రాసిందో చూసి కలుద్దాం' అని. ఎవరి పేరు ఎన్నిసార్లు ఎత్తారో లెక్కచెప్పే మిషనొకటి ఉందిలే, అది మా ఆవిడ దగ్గరికొచ్చేసరికి అంకెలన్నీ అయిపోయి చేతులెత్తేసింది. కొత్త అంకెలు పంపమని కబురుపెట్టారు. నేనే, పోనీలే, ఉన్నవాటితో సర్దుకోండన్నా."

"నువ్వా?"

"బస్సు ఆపి మరీ ఫోన్లో చెప్పా. ప్రయాణికులందరూ సాక్షులు."

బల్ల చివర కూర్చుని ఇందాకట్నుంచీ వింటున్న లైబ్రేరియనమ్మ గ్లాసు కింద పెట్టింది.

"అన్నయ్యగారూ, ఆ ఎనభై నాలుగు మందినీ ఎక్కడ లెక్కపెట్టారు?"

"పేపరు చివరి పేజీలోనమ్మా. నంబర్లు వేసి మరీ ఉన్నాయిగా పేర్లు."

"అవి ఆవిణ్ణి చదివినవాళ్ళ పేర్లు కావండీ. ఆవిడ చదివినవాళ్ళవి. ఎవరెవరి రాతలు చూసి రాశామో చివర చెప్పుకోవాలి."

మెకానిక్కి పొలమారింది. డ్రైవరు మొహం ఎర్రబడింది. ఆరేళ్ళుగా ఆ పేజీ ఫోటో ఫోన్లో పెట్టుకుని డిపో అంతా చూపించాడు.

"మరి మా ఆవిడ పేరెత్తినవాళ్ళు?"

"కమిటీ చూసేది ఆ లెక్కే, తీసిచ్చింది నేనే. నిన్నటిదాకా ఒక్కరూ లేరు."

పిల్లల్ని పడుకోబెట్టి, కళ్ళు మంటలెత్తేదాకా ఆవిడ వేసిన లెక్కలు అతనికి తెలుసు. "అయితే ఉద్యోగం పోయినట్టేనా అమ్మా?" అన్నాడు చిన్న గొంతుతో.

"నిన్నటిదాకా అన్నాను." లైబ్రేరియనమ్మ సంచీలోంచి కాగితాలు తీసింది. "ఇవాళ పొద్దున్న వచ్చింది ఈ పేపరు. ఎక్కడో ఓ ల్యాబువాళ్ళు ఆవిడ చెప్పిన రెండూ నిజంగానే కలిపి చూశారట. అంతవరకూ ఎవరూ నమ్మలేదు గానీ, ఆవిడ చెప్పిన రంగే వచ్చింది. ఒక కాపీ కమిటీకిచ్చాను. అది చదివాకే ఆవిణ్ణి మళ్ళీ లోపలికి పిలిచారు. గంటన్నరగా వదల్లేదు. ఉద్యోగం పోదనే నా నమ్మకం."

డ్రైవరు చేతులు ప్యాంటుకి తుడుచుకుని కాగితాలు అందుకున్నాడు. చివరి పేజీ తీశాడు. వేలు ఒక్కో పేరూ దాటుకుంటూ వెళ్ళి పదిహేడో నంబరు దగ్గర ఆగింది. అక్కడ, తను 'మా ఆవిడ' అని చెప్పుకునే మనిషి పేరు ఇంటిపేరుతో సహా ఉంది. మూడుసార్లు చదివాడు.

"ఇంతకీ ఎంతమంది తేలారు బాబూ?" టీ కొట్టాయన మెల్లగా అడిగాడు.

"ఒక్కరు బాబాయ్," అన్నాడు డ్రైవరు, కళ్ళు తుడుచుకుంటూ. "ఒకే ఒక్కరు."