జోలేకా శ్రుతి

దక్షిణాఫ్రికాలోని కోమానీ ఊరి చర్చి హాల్లో సాధన ముగిసి గాయకులు వెళ్లిపోయారు. బృందాన్ని నడిపించే ఆమె, పాట కట్టిన ముసలాయన పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మాస్టారూ, ఆ పై స్వరం మా పిల్లలెవరికీ అందట్లేదు."

"వేరే పాట తీసుకో. ముప్పై ఏళ్లుగా కట్టినవి తక్కువున్నాయా?"

"ఆర్కెస్ట్రాకి రాసినదాంతో సహా అన్నీ చూశాను. అన్నిట్లోనూ ఆ ఎత్తే. అన్నీ జోలేకా గొంతుకే కట్టారు."

"కూతురి గొంతు ఇంట్లో ఉంటే టాక్సీ హారన్‌కి కడతానా?"

"శనివారం తన సమాధికి రాయి నిలబెడుతున్నాం. ఆ రోజు తన పాట వద్దంటారా?"

"వద్దనలేదు."

"అయితే శ్రుతి దించుదాం. కింద రాసినవి డో-రే-మీలే, మన సరిగమల్లా ఏ శ్రుతిలోనైనా అవే. కాగితం పైన శ్రుతి చెప్పే అక్షరం ఒక్కటి మారిస్తే చాలు. మీరు నేర్పిందేగా."

"నేర్పాను. కానీ అది మారిస్తే, పాడే మనిషి ఇక రాదని నా చేత్తో నేనే రాసినట్టు తల్లీ."

"మీరు రాయకండి. నేను రాస్తాను."

ఆయన కాగితాన్ని ఆమె వైపు జరిపాడు.

"పెన్సిల్‌తో రాయి," అన్నాడు.