ఎందుకని అడిగిన ముప్పై నాలుగేళ్లు

పంతొమ్మిది వందల తొంభై ఒకటవ సంవత్సరం మార్చి నాలుగవ తేదీ, సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు, ఒక ఇనప పెట్టెతో, ఒక పుస్తకాల సంచితో, కొలత తప్పి భుజాల మీంచి జారిపోతున్న కొత్త యూనిఫారంతో మా కల్నల్ డాక్టర్ గారు సైనిక వైద్య సేవలో అడుగుపెట్టారు. నాడు వారి వయస్సు ఇరవై అయిదు, హోదా కెప్టెన్, నియమితులైనది కొండల మీది ఒక చిన్న చికిత్సాలయంలో. నాటి నుంచి నేటి పదవీ విరమణ వరకు సాగిన ఆ సుదీర్ఘ సేవలో చివరి పంతొమ్మిది సంవత్సరాలు వారితో కలిసి పనిచేసే అవకాశం ప్రయోగశాల ఉద్యోగినైన నాకు లభించింది. ఈ వీడ్కోలు సంచికకు నాలుగు మాటలు రాయమని మిత్రులు కోరగానే సంతోషంగా ఒప్పుకున్నాను. ఒప్పుకున్న తరువాతనే, వారి గురించి నిజాయితీగా రాయాలంటే నా తప్పు ఒకటి కూడా రాయక తప్పదని గుర్తుకొచ్చింది.

ఆ కొండ మీది చికిత్సాలయంలో వారి మొదటి రోజు గురించి అక్కడి ముసలి వార్డు సహాయకుడు తరువాతి కాలంలో నాకు చెప్పాడు. శస్త్రచికిత్స గది తలుపుకు రెండు రెక్కలుంటే, ఒక రెక్కను మేకులతో బిగించేశారు. స్ట్రెచరు తెచ్చిన ప్రతిసారీ దాన్ని పక్కకు వంచి, రోగిని గట్టిగా పట్టుకుని లోపలికి దూర్చేవారు. “ఈ రెక్కకు మేకులెందుకు కొట్టారు?” అని కొత్త డాక్టరమ్మ అడిగితే ఒక్కరికీ జవాబు తెలియలేదు. విచారించగా విచారించగా, పన్నెండేళ్ల క్రితం బందు ఊడితే తాత్కాలికంగా కొట్టిన మేకులని తేలింది. వడ్రంగి వచ్చి అరగంటలో కొత్త బందు వేశాడు. “అంతవరకూ మేం తలుపు ఇరుకనే అనుకున్నామండీ” అన్నాడు ఆ సహాయకుడు.

కొండలపై ఆరేళ్లు, అనంతరం వరద సహాయక శిబిరాలలో, శిక్షణ కళాశాలలో తొమ్మిదేళ్లు వారు సేవలందించారు. ఆ కాలంలోనే ఒక లెక్కల మాస్టారిని వివాహమాడారు, ఒక కుమార్తెకు తల్లి అయ్యారు. బదిలీ అయిన ప్రతి ఊళ్లోనూ ముందు బడి వెతుక్కుని, ఆ తరువాత ఇల్లు వెతుక్కున్న మాస్టారి ఓర్పును ఇక్కడ ప్రస్తావించకపోవడం అన్యాయం. వారి అత్తగారు ఒకసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు మాతో అన్న మాట ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటాం. “మా కోడలికి పాలు విరిగితే బాధ ఉండదమ్మా. ఎందుకు విరిగాయో తెలియకపోతేనే ఆ పూట అన్నం సయించదు.”

రెండువేల ఆరులో వారు మా ఆసుపత్రికి వచ్చారు. నెల తిరక్కుండానే జవాన్లు వారికి ‘ఎందుకు మేడం’ అని పేరు పెట్టారు. ఆ పేరు వారి చెవిన పడింది కూడా. కోప్పడలేదు, ఎవరు పెట్టారని మాత్రం ఆరా తీశారు.

మూడేళ్ల తరువాత, మా పక్కనున్న శిక్షణ కేంద్రపు తుపాకి శిక్షకుడొకరు మూడు నెలల్లో నాలుగోసారి కడుపునొప్పితో వచ్చారు. స్కానింగులో ఏమీ కనబడలేదు, మందులకు నొప్పి లొంగలేదు. అంతకుముందు చూసిన వైద్యులు కాగితం మీద ‘నటన’ అని రాశారు. ఆ ఒక్క మాట ఆధారంగా ఆయనను కొలువు నుంచి తొలగించడానికి శుక్రవారం వైద్య మండలి కూర్చోబోతున్నది. ఆయన వచ్చింది సోమవారం.

“నొప్పి ఎలా ఉంటుంది?” అని అడిగారు డాక్టర్ గారు.

“బొడ్డు చుట్టూ మెలిపెట్టేస్తుందండీ. అందరూ నాటకమంటున్నారు. ఇంట్లోనూ సగం అనుమానమే.”

తెర అవతల నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. “నేనెప్పుడూ అలా అనలేదండీ. ఇంతమంది డాక్టర్లు అదే మాటంటుంటే ఏమనుకోవాలో తెలియక ఊరుకున్నాను.”

డాక్టర్ గారు ఆయన నోరు తెరిపించి చూశారు. చిగుళ్ల అంచున పెన్సిలుతో గీసినట్టు సన్నని నీలిగీత ఉంది. ఆపైన నొప్పి గురించి అడగడం మానేసి, ఆయన దినచర్య అడగడం మొదలుపెట్టారు. కాల్పులు ఎక్కడ జరుగుతాయి? నాలుగు గోడల మధ్య. కిటికీలున్నాయా? శబ్దం బయటికి పోతుందని మూసేశారు. ఆ గది ఎవరు ఊడుస్తారు?

“నేనేనండీ. మిగతావాళ్లకు వదిలేస్తే మూలలు ఊడవరు.”

“అన్నం ఎక్కడ తింటారు?”

“అక్కడే, ఓ పక్కన బల్ల ఉంది.”

పావుగంట తరువాత వారు నా దగ్గరికి వచ్చారు. ఆయన రక్తం స్లైడును తీయించి, సూక్ష్మదర్శినిలో చాలాసేపు చూశారు.

“దీన్ని చూసింది మీరేనా?”

“నేనేనండీ. రక్తం కాస్త తక్కువ. మిగతాదంతా మామూలే.”

“ఎర్ర కణాల్లో ఈ నీలి చుక్కలేమిటి?”

“రంగు సరిగ్గా పట్టలేదనుకున్నాను.”

“అదే రోజు చేసిన మిగతా స్లైడ్లకు బాగానే పట్టిందిగా. దీనికే ఎందుకు పట్టలేదు?”

మూడు నెలల్లో మూడుసార్లు ఆ చుక్కలు చూశాను, మూడుసార్లూ ‘మామూలు’ అని రాశాను. వారు స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నారు. ఆ కాల్పుల గదిలో పనిచేసేవారి పాత స్లైడ్లన్నీ తీశాం. పదకొండు మందిలో ఆరుగురి స్లైడ్లలో నీలి చుక్కలున్నాయి.

చిగుళ్ల మీది నీలిగీతా, కణాల్లోని నీలి చుక్కలూ ఒంట్లో సీసం చేరినప్పుడు కనబడే గుర్తులు. తూటాలలో సీసం ఉంటుంది. పేల్చినప్పుడల్లా కంటికి కనబడని ధూళిగా అది గాలిలో కలుస్తుంది, నేలకు దిగుతుంది. పొడి చీపురుతో ఊడ్చినప్పుడు మళ్లీ లేచి ఊపిరిలోకీ అన్నంలోకీ చేరుతుంది. అందరికంటే శ్రద్ధగా ఊడ్చినవాడికే అందరికంటే ఎక్కువ విషం ఎక్కింది. అయితే ఇది అప్పటికి అనుమానమే. సీసం కొలిచే ప్రయోగశాల దూరాన ఉంది, ఫలితాలకు పది రోజులు పడుతుంది. శుక్రవారానికి నాలుగే రోజులున్నాయి.

మరునాడు వారు నన్ను వెంటబెట్టుకుని శిక్షణ కేంద్రపు కమాండెంటు గారి గదికి వెళ్లారు. మూడు వారాల్లో తుపాకి పోటీలు. ఆయన చిరాకు పడ్డారు.

“ఒక మనిషి కడుపునొప్పికి నా కాల్పుల గది మూసెయ్యమంటారా?”

“ఒక మనిషి కాదు సార్, ఆరుగురు. ఏడోవారు ఉన్నారేమో చూడాలి. మీరు రోజూ పొద్దున అక్కడే గురి సాధన చేస్తారట కదా. కాస్త చెయ్యి చాపండి.”

నేను సూది పట్టుకుని ముందుకు జరిగాను. ఆయన మా ఇద్దరినీ కొంతసేపు మార్చి మార్చి చూశారు. చివరికి చొక్కా చెయ్యి పైకి మడిచారు. మండలిని రెండు వారాలు వాయిదా వెయ్యాలన్న వినతి మీద కూడా ఆ చేత్తోనే సంతకం పెట్టారు.

తొమ్మిదవ రోజు ఫలితాలు వచ్చాయి. అందరిలోనూ ఎక్కువ సీసం శిక్షకుడి రక్తంలో ఉంది. రెండవ స్థానం కమాండెంటు గారిది. “ఈ తలనొప్పులు వయసువల్ల అనుకుంటున్నాను” అన్నారాయన, ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి. ఆ మధ్యాహ్నమే గది మూతపడింది. గాలి బయటికి లాగే పంకాలు వచ్చాయి, పొడి చీపుళ్లు పోయి తడిగుడ్డలు వచ్చాయి, అన్నం బల్ల బయటికి పోయింది. శిక్షకుడి యూనిఫారం ఇంట్లో ఉతుకుతారని తెలిసి, డాక్టర్ గారు ఆయన భార్యకూ పసికూతురికీ కూడా రక్తపరీక్ష చేయించారు. అదృష్టవశాత్తు ఇద్దరూ క్షేమం. అయిదు నెలల చికిత్స తరువాత ఆయన తిరిగి కొలువులో చేరారు. ‘నటన’ అన్న మాట కొట్టేసిన కాగితాన్ని తాను కూడా చూడాలని ఆయన భార్య అడిగింది. చూసి, వేలితో ఆ కొట్టివేతను ఒకసారి తడిమి వెళ్లిపోయింది.

నేను మరొకచోటికి బదిలీ అడుగుదామనుకున్నాను. వారు వినిపించుకోలేదు. “ఏం చూశారో, ఏమనుకున్నారో ఉన్నదున్నట్టు రాసి గోడకు పెట్టండి. తరవాత వచ్చేవాళ్లకు పనికొస్తుంది” అన్నారు. ఆ కాగితం, నా చేతిరాతతో, నేటికీ మా గోడ మీద ఉంది.

వారి ప్రతి ప్రశ్నకూ సమాధానం దొరికిందని రాస్తే అది స్తోత్రమవుతుంది గాని సత్యం కాదు. ఎనిమిదేళ్ల క్రితం ఇరవై రెండేళ్ల సైనికుడొకరు పదకొండు రోజుల జ్వరంతో మరణించారు. చెయ్యని పరీక్ష లేదు, కారణం తేలలేదు. ‘గుండె ఆగిపోవుట’ అని రాసి ముగిద్దామని కొందరు సలహా ఇచ్చారు. వారు ఆ యువకుని తండ్రిని తమ గదిలో కూర్చోబెట్టి, ఎదురుగా కూర్చుని, “మీ అబ్బాయి ఎందుకు పోయాడో నాకు తెలియలేదండీ. చెయ్యగలిగినదంతా చేశాం, అయినా తెలియలేదు” అన్నారు.

ఆ పెద్దాయన అడిగారు. “ఎప్పుడైనా తెలిస్తే నాకు ఉత్తరం రాస్తారామ్మా?”

“రాస్తానండీ.”

ఆ ఫైలు ఇప్పటికీ మూతపడలేదు. ప్రతి సంవత్సరం వారు ఆయనకు, ఇంకా తెలియలేదని ఒక ఉత్తరం రాస్తూనే ఉన్నారు. ఆయన నుంచి తిరుగు ఉత్తరం వస్తూనే ఉంది. మొన్న బాధ్యతలు అప్పగించే సమయంలో వారు ఆ ఫైలు నకలును మాత్రం అనుమతి తీసుకుని ఇంటికి పట్టుకెళ్లారు.

యాభై తొమ్మిదేళ్ల వయస్సులో మా డాక్టర్ గారు సైకిలు తొక్కడం నేర్చుకుంటున్నారు. చిన్నతనంలో కుదరలేదట. సాయంత్రాలు ఖాళీగా ఉండే కవాతు మైదానంలో మాస్టారు సీటు పట్టుకుని వెనకాల పరుగెత్తుతుంటే, కుమార్తె గట్టున కూర్చుని చుట్లు లెక్కపెడుతున్నది. నిన్న మూడో చుట్టులో మాస్టారు చెయ్యి వదిలేశారు. ఆ సంగతి వారికి మైదానం ఆ చివర మలుపు దాకా తెలియలేదు. ఆ మోకాళ్లకు బలమూ, ఆ కళ్లకు వెలుగూ, ఆ వెనక పరుగెత్తే మాస్టారి ఊపిరికి సత్తువా నిండుగా ఉండి, వారిరువురూ ఆయురారోగ్యాలతో చిరకాలం చల్లగా ఉండాలని మా ఆసుపత్రి కుటుంబం యావత్తూ మనసారా కోరుకుంటున్నది.