నీలం చొక్కా జేబు

తార్నాక చౌరస్తాలో రాళ్ళు రువ్వినవాళ్ళ పోలీసు జాబితాలో తన పేరు, పక్కనే 'ఐడీ కార్డు దొరికింది' అన్న మాట చూసి, కంప్యూటర్స్ ఫస్ట్ ర్యాంకర్ కొమురెల్లి హాస్టల్ గదికి పరుగెత్తాడు. తన క్లాసులోనే చదివే రూమ్మేట్ కరుణాకర్‌ను నిలదీశాడు.

"ఆ దినం నేను ల్యాబ్‌ల ఉంటి. నా ఐడీ కార్డు పోలీసోళ్ళకెట్ల దొరికిందిరా?"

"నీ నీలం చొక్కా ఏసుకొని తెలంగాణ ర్యాలీకి పోయిన. జేబులకెల్లి పడ్డట్టుంది."

"ఠాణాకు పోయి గదే చెప్పు. కేసుంటే ఇయ్యాల కాలేజీకొచ్చే కంపెనీవోళ్ళు నన్ను ఇంటర్వ్యూకే రానియ్యరు."

"తెలుసు."

"నువ్వు ఏసుకునే ముంగట ఆ చొక్కా నేనే ఉతికి ఆరేసిన. జేబుల ఏం లేకుండె."

కరుణాకర్ అద్దంలో చూస్తూ టై ముడి బిగించుకున్నాడు.

"లేకుండె. మన క్లాసుల ఒక్కన్నే తీసుకుంటరంట. నువ్వుంటే నన్నెవడు చూస్తడు? నువ్వు నేర్పిన జావా నాకు సాలు. కార్డు నీ పుస్తకంలకెల్లి తీసి, రాళ్ళు పడ్డకాడ నేనే పడేసిన."