బాబాయినండీ అంటే చాలు

అంతేలెండి. ప్రిన్సిపాల్ గారి అడ్రస్ బయటికి పొక్కితేనే పొక్కినట్టు. ఆ పిల్ల అడ్రస్ పొక్కినప్పుడు మీ ఆఫీసు నుంచి ఎవరూ రాలేదు కదా. సరే, కూర్చోండి. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది, ఇది లాక్కోండి. టీ తాగుతూ కానివ్వండి మీ విచారణ.

ఆయన వ్యక్తిగత జీవితానికి భంగం కలిగిందని ఫిర్యాదు పెట్టారా? కలగదూ మరి, ఆదివారం పొద్దున్నే ఎవడో వచ్చి తలుపు బాదితే.

అవునండీ, ఈ కాలేజీకి డేటా గోప్యతాధికారిని నేనే. లైబ్రేరియన్‌కి ఈ పదవేమిటంటారా? చట్టం వచ్చింది, ఎవరో ఒకర్ని వెయ్యాలన్నారు. మీటింగులో ప్రిన్సిపాల్ గారు ఆ మాట చదివి, గోప్యత అంటే గప్‌చుప్‌గా ఉండడమే కదా, లైబ్రరీలో ఎలాగూ ఎవరూ నోరెత్తరు, మేడమ్ గారైతే సరిగ్గా సరిపోతారు అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా తలుపు మీద ‘నిశ్శబ్దం’ బోర్డు పక్కనే ఇంకో బోర్డు తగిలించారు. వస్తూ చూసే ఉంటారు.

ఆ తర్వాత భద్రత మొదలైంది. పాస్‌వర్డులో అంకె ఉండాలి, పెద్దక్షరం ఉండాలి, చుక్కా గిక్కా ఏదో ఒకటి ఉండాలి. పైగా ఓటీపీ. నా సెలవులు ఎన్ని మిగిలాయో చూసుకోవాలన్నా, నేను నేనేనని కంప్యూటర్‌ని బతిమాలుకోవాలి.

ఇన్ని తాళాలకీ కలిపి ఒకటే మారు తాళంచెవి ఉందండీ. ‘బాబాయి’.

ఫోన్ చేసి, అమ్మాయికి బాబాయినండీ అంటే చాలు, మా ఆఫీసు గుమాస్తా గారు కరిగిపోతారు. హాస్టల్ పేరు, గది నంబరు, క్లాసు ఎప్పుడు వదులుతారో అన్నీ చెప్పేస్తారు. ఓటీపీ అడగొద్దా అన్నాననుకోండి, ‘బాబాయిని ఓటీపీ అడుగుతామా మేడమ్, ఏమనుకుంటారు?’ అంటారు. పక్కింటాయన్నండీ అంటే మాత్రం చచ్చినా చెప్పరు. మర్యాదస్తులు.

ఆ పిల్ల రెండో సంవత్సరం. తండ్రి లేడు. పెంచిన బాబాయే చెయ్యి చేసుకుంటాడు. ఒకసారి మణికట్టు విరగ్గొట్టాడు. చదువు మాన్పించి ఇంట్లో పడేస్తానంటే పారిపోయి వచ్చింది. నా అడ్రస్ ఎవరికీ చెప్పకండి అని చేరిన రోజే గుమాస్తా గారిని బతిమాలింది. ‘నీకెందుకమ్మా, బయటివాళ్ళకి ఎవరికీ చెప్పను’ అన్నారాయన. మాట తప్పలేదు చూడండి. బాబాయి బయటివాడా?

వాడు నేరుగా హాస్టల్‌కి వచ్చాడు. పిల్ల వంటగది తలుపులోంచి చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చి, అదిగో ఆ వెనక గదిలో, పాత పేపర్ల కట్టల వెనక నక్కింది. మంచినీళ్ళిస్తే గ్లాసు పక్కన పెట్టి, ముందు తలుపు గడియ వెయ్యమంది. నాకు ఏడుపొచ్చింది. ఒళ్ళు కూడా మండింది.

ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళి చెప్పాను. కుటుంబ విషయం, మనకెందుకు అన్నారు. అని ఊరుకోలేదులెండి, గోప్యత మీద అందరికీ ఒక పూట క్లాసు పెట్టించారు. గుమాస్తా గారికి సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. గోడకి తగిలించుకున్నారు.

పిల్ల వేరే చోటికి మారింది. కొత్త అడ్రస్ కంప్యూటర్‌లో ఎక్కించకపోతే హాల్ టికెట్ రాదు. ‘ఎక్కించాలా మేడమ్?’ అని నా మొహంలోకి చూసింది. ఎక్కించానండీ, నా చేత్తో నేనే. ప్రిన్సిపాల్ గారి ఇంటి అడ్రస్.

వారం తిరక్కుండా బాబాయి మళ్ళీ ఫోన్ చేశాడు. గుమాస్తా గారు ఆ సర్టిఫికెట్ కిందే కూర్చుని, ఇంటి నంబరుతో సహా చదివి చెప్పారు. అదెవరిల్లో ఆయనకి తెలియదు పాపం. ఆ ఇంటికి గుమాస్తాలని ఎప్పుడూ పిలవలేదు.

మిగతాది మీ ఫిర్యాదులో ఉంది. మా పిల్లని ఎక్కడ దాచావురా అని వాడు ప్రిన్సిపాల్ గారి కాలర్ పట్టుకున్నాడట. కుటుంబ విషయం, మనకెందుకు.

తప్పుడు సమాచారం ఎక్కిస్తే ఉద్యోగం పోతుందా? పోతే పోనివ్వండి. నేనే చేశానని రాసుకోండి, కావాలంటే సంతకం పెడతాను.

ఇంకా ఏమిటి? పిల్ల అసలు అడ్రసా? రికార్డు సరిచెయ్యడానికి కావాలంటారు. మీ ఆఫీసులో భద్రంగానే ఉంటుందంటారు.

మీరొస్తున్నారని తెలిసి పొద్దున్న మీ ఆఫీసుకి ఫోన్ చేశానండీ. ‘మా అబ్బాయి మీ దగ్గరే పని చేస్తాడమ్మా, నేను వాడి పిన్నిని’ అన్నాను. ఎంత మంచి పిల్లో ఫోనెత్తినామె. మీ ఇల్లు బేకరీ మీద రెండో అంతస్తట కదా. పాపని బడి నుంచి మీ ఆవిడే తీసుకొస్తుందట. ఇంట్లో ఎవరూ లేకపోతే తాళంచెవి కింద బేకరీలో అడగమంది. మీరు బీపీ మాత్ర సరిగా వేసుకోవడం లేదని, పిన్నిగారూ, మీరైనా కాస్త గట్టిగా చెప్పండని కూడా అంది.

ఏం నాయనా, కలం ఆగిపోయింది? టీ చల్లారిపోయినట్టుంది. ఉండు, వేడి చేసుకొస్తాను. మాత్ర వేసుకుందువుగాని.